‘నీకేం తక్కువ?’ అని అడిగే ముందు

వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సందేశం బాగా తిరుగుతోంది. దాని సారం ఇది: ‘ఆందోళన సెల్‌ఫోన్లు తెచ్చిన కొత్త జబ్బు, మన పెద్దలు దీన్ని ఎరగరు. ఫ్రాయిడ్ దీనికి కారణం కామాన్ని అణచుకోవడమే అన్నాడు, ఆ మాటకు కాలం చెల్లింది. అన్నీ అమర్చి పెడుతున్న పిల్లలకు ఆందోళనపడే కారణమే లేదు. మనసు దిటవు చేసుకుంటే అదే పోతుంది.’ పంపేవాళ్లు మేలు కోరే పంపుతున్నారు. కానీ అర్ధరాత్రి గుండెదడతో లేచి కూర్చునే పిల్లలు కూడా దీన్ని చదువుతున్నారు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

కొత్త జబ్బు అన్నది నిజం కాదు. 1881లోనే జార్జ్ బియర్డ్ అనే అమెరికా వైద్యుడు తన దేశస్థుల నరాల బలహీనతకు ఆవిరి యంత్రాన్నీ, టెలిగ్రాఫునూ, పత్రికలనూ తప్పుపట్టాడు. 1895లో వియన్నాలో మనోవిశ్లేషణకు ఆద్యుడైన వైద్యుడు ఫ్రాయిడ్ ఆ బలహీనత నుంచి ఆందోళనను విడదీసి, దాని లక్షణాలు రాశాడు: గుండెదడ, ఊపిరి అందకపోవడం, చెమటలు, నిద్రలో ఉలిక్కిపడి లేవడం. మన పెద్దలూ దీన్ని ఎరుగుదురు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, బెంగ పెట్టుకుందని కోడలిని పుట్టింటికి పంపారు.

ఇక ఫ్రాయిడ్ మాట. తొలిరోజుల్లో ఆయన అలా అన్నది నిజమే. అయితే 1926లో తన సిద్ధాంతాన్ని తానే తిరగరాశాడు. అణచివేత వల్ల ఆందోళన పుట్టడం లేదు, ఆందోళన వల్లనే మనసు కోరికను అణచివేస్తుంది అన్నాడు. రాబోయే ప్రమాదానికి అది ముందస్తు సంకేతం. ఏమిటా ప్రమాదం? ప్రాణమైన మనిషి దూరం కావడం, ఆ మనిషి ప్రేమ పోవడం. ఆయన తాను విన్న సంగతి ఒకటి రాశాడు. చీకటి గదిలోంచి మూడేళ్ల పిల్లవాడు పిన్నిని మాట్లాడమని పిలుస్తాడు, భయంగా ఉందంటాడు. నేను కనబడను కదా, మాట్లాడితే ఏం లాభం అంటుందామె. ఎవరైనా మాట్లాడితే వెలుతురు వస్తుంది అంటాడు వాడు. వాడి భయం చీకటిని చూసి కాదు, తన మనిషి దగ్గర లేదని. తెలుగులో దీనికి ‘బెంగ’ అనే మాట ఎప్పటినుంచో ఉంది. తల్లి ఊరెళ్లినప్పుడు పసివాడికి జ్వరం వస్తే మనం అనేది ఆ మాటే.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మూడో మాట. ‘నీకేం తక్కువ?’ అని మనం తేలిగ్గా అడిగేస్తాం. 1962-63లో పారిస్‌లో జాక్ లకాన్ అనే ఫ్రెంచి మనోవిశ్లేషకుడు ఏడాది పొడవునా ఆందోళన మీదే ఉపన్యాసాలిచ్చాడు. లోటు వల్ల కాదు, లోటుకు చోటు లేకపోవడం వల్లనే ఆందోళన పుడుతుందన్నాడు. తల్లి వెళ్లి వస్తూ ఉంటే బిడ్డకు కోరుకోవడం తెలుస్తుంది. తల్లి క్షణం కూడా వదలకపోతే, ఈవిడకు నా నుంచి ఏం కావాలి అన్న ప్రశ్న ఊపిరాడనివ్వదు.

హాస్టల్లో ఉండే ఇంటర్ పిల్లను తలచుకోండి. వారపు పరీక్ష మార్కులు ఆమె కంటే ముందు నాన్న ఫోనుకు చేరతాయి. రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగుతుంది: తిన్నావా, చదివావా, ఈసారి ఎందుకు తగ్గాయి? ఫీజు కట్టారు, మంచి గది ఇప్పించారు, దేనికీ లోటు లేదు. తనకంటూ ఏదైనా కోరుకోవడానికి జాగా మాత్రం లేదు. ఫోను గురించి ఆ సందేశం చెప్పినదాంట్లో కొంత నిజం ఉంటే అది ఇక్కడే ఉంది, కానీ నిద్రపోనివ్వనిది ఆ ఫోనులో నుంచి వచ్చే ప్రశ్న. ఫ్రాయిడ్ దూరమవడం అన్నాడు, లకాన్ మరీ దగ్గరవడం అన్నాడు. ఇల్లు వదిలి వచ్చిన ఆ పిల్లకు రెండూ ఒకే రోజు ఎదురవుతాయి.

చివరిది, మనసు దిటవు చేసుకోవడం. గుండెదడ, నిద్రలేమి వారాల తరబడి ఉంటే వైద్యుడికి చూపించాలి. మందు వాడుతూనే మనసులో ఉన్నది చెప్పుకోవచ్చు, ఒకటి రెండోదానికి అడ్డు కాదు. కానీ ‘ధైర్యంగా ఉండు’ అన్నప్పుడు ఆ పిల్ల నెత్తిన తీర్చవలసిన కోరిక ఇంకొకటి పెడుతున్నాం. ఆ రాత్రి నుంచి ఆమె ఫోనులో ‘బాగానే ఉన్నాను నాన్నా’ అని చెప్పడం మొదలుపెడుతుంది.