ఊట మడుగులో బ్లీచింగ్ చల్లే చేతికి గాలం ఇవ్వండి

ఎండాకాలం వస్తే కడప జిల్లాలో లంకమల, పాలకొండల కింద వంకలన్నీ ఇసక తేలతాయి. నీళ్లు మిగిలేది ఊట ఉన్న మడుగుల్లోనే. వంక పొడుగునా తిరిగిన చేపలన్నీ ఆ నాలుగు బారల నీళ్లలోకి చేరతాయి. వానలు పడినాక వంక మళ్లీ నిండాలంటే అవే విత్తనం. సరిగ్గా అక్కడే చేపల కోసం బ్లీచింగ్ పొడి చల్లుతున్నారు, కరెంటు తీగ పెడుతున్నారు. విత్తనానికి దాచిన శెనక్కాయలు వేయించుకు తినడమే ఇది!

బ్లీచింగ్ మొప్పల్ని కాలుస్తుంది. పరకల్లాంటి చిన్న చేపలు, జెల్లలు, కప్పలు, చేపపిల్లలు ఏవీ మిగలవు. నీళ్లలో విషం కలిపి చేపలు చంపడం 1897 మత్స్య చట్టం నుంచే నేరం.

గాలానికి ఏం పడతాయి అంటారు. వేయడం తెలిస్తే పడతాయి. ఊటనీళ్లు అద్దం లాంటివి, చేప మనల్ని ముందే చూస్తుంది. పారే చోట అది ఎదురీదుతూ నిలబడుతుంది కాబట్టి దిగువ నుంచి పోవాల. పొద్దు మన మొహాన ఉంటే నీడ వెనక్కి పడుతుంది. గట్టు అదరకూడదు.

పరకలకు 14 నంబరు గాలం, 0.18 మిల్లీమీటర్ల దారం. కొరమీనుకు 1 నంబరు, 0.40. నంబరు పెరిగితే గాలం చిన్నదవుతుంది, అంగట్లో చాలామంది తప్పేది ఇక్కడే. దారం మీద తేలడానికి వేలెడు జొన్నదంటు బెండు చాలు. సీసం గుండు గాలానికి జానెడు పైన, బెండు సగం మునిగేంత బరువే ఉండాల. బరువెక్కువైతే చేప ఎరను నోట పెట్టి ఉమ్మేస్తుంది. పరకలకు ఎరగా వానపాము అరంగుళం ముక్క చాలు. బెండు వణికితే లాగొద్దు, ఊరికే కొరుకుతోందంతే. పక్కకు జారినా, మునిగినా మణికట్టు ఎత్తండి. కొరమీను నోరు గట్టిది. గాలం మొన గోటి మీద ఆనిస్తే జారకూడదు, జారితే నూరాల.

వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే కింద తల్లీతండ్రీ కొరమీన్లు కాపలా ఉంటాయి. దగ్గరకొచ్చిన దేన్నైనా కరుస్తాయి, సులువుగా పడతాయి. దయచేసి పట్టొద్దు. కాపలా పోతే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలే.

అడుగు పొడుగు లోపు కొరమీను పడితే తిరిగి నీళ్లలో వదలండి. చేయి తడుపుకునే పట్టుకోండి, పొడి చేతికి దాని ఒంటి జిగురు ఊడొస్తుంది. గాలం వెనక్కొంకిని ముందే పకారుతో నొక్కేసుంటే నోరు చీలకుండా వస్తుంది. అభయారణ్యం హద్దు లోపల మాత్రం గాలం కూడా వేయకూడదు.