రెండు సెకన్ల తేడా

ఊరు కాని ఊరిలో దారి అడగడం, వేళ అడగడం మా వంశంలోనే లేవు. జైపూర్ బయలుదేరే ముందు ఆ నగరాన్ని గురించి దొరికిన పుస్తకాలన్నీ చదివేశాను కనుక, ఇక గైడుకు డబ్బివ్వడం చదువుకున్నవాడికి అవమానమని మా ఆవిడకు రైల్లోనే చెప్పి ఉంచాను. సెల్‌ఫోన్లు ఇంకా జేబుల్లోకి రాని రోజులవి. డిసెంబరు ఆఖరు వారం.

నా చదువుకు మొదటి దెబ్బ హవా మహల్ దగ్గర తగిలింది. 1799లో సవాయి ప్రతాప్‌సింగ్ కట్టించిన ఆ అయిదంతస్తుల మేడకు 953 కిటికీలున్నాయని నాకు కంఠతా వచ్చు కాని, వీధివైపున లోపలికి వెళ్ళే వాకిలి లేదన్న సంగతి మాత్రం తెలియదు. బొమ్మల్లో చూసి మనం ముఖమనుకునేది నిజానికి ఆ మేడ వీపు. అంతఃపుర స్త్రీలు తాము కనబడకుండా వీధిని చూడటానికి లేపిన గోడకు వీధి జనం కోసం గుమ్మం ఎందుకు పెడతారు? ఈ తర్కం నాకు తట్టేలోగా ఆ గోడ పొడవునా నాలుగుసార్లు నడిచి, ఒక గాజుల కొట్టులోకీ, ఒక రజాయిల కొట్టులోకీ విజయవంతంగా దారి కనుక్కున్నాను.

భోజనం చేసి, సూర్యుణ్ణీ నక్షత్రాలనూ కొలిచే పాతకాలపు వేధశాల జంతర్ మంతర్‌లో అడుగుపెడుతుండగా టైమెంతయిందని మా ఆవిడ అడిగింది. మామగారు పెళ్ళిలో పెట్టిన చేతిగడియారం పదిన్నర దగ్గర ఆగిపోయి ఉంది. ముందురోజు రాత్రి కీ ఇవ్వడం మరచిపోయాను. సాయంత్రం 5.10కి మా బండి.

“ఎవరినైనా అడగండి,” అన్నది.

రాతితో కట్టిన నీడ గడియారాలలో ప్రపంచంలోకెల్లా పెద్దది కళ్ళెదుట సుమారు 27 మీటర్ల ఎత్తున నిలబడి ఉండగా, పల్లీలు తింటున్న ఒక పెద్దమనిషిని టైము అడగమంటుంది! అందుచేత అక్కడే నిలబెట్టి ఆమెకు సమ్రాట్ యంత్రం మహిమను బోధించాను. ఇత్తడి పరికరాలు అరిగిపోయి లెక్కలు తప్పుతున్నాయనే కదా జైపూర్ రాజు సవాయి జయసింగ్ ఢిల్లీ, మథుర, కాశీ, ఉజ్జయినులలోనూ తన కొత్త రాజధానిలోనూ రాయితోనూ సున్నంతోనూ వేధశాలలు కట్టించినది. ఇదుగో, ఈ చాపం మీద నీడ సెకనుకు ఒక మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది, 2 సెకన్ల తేడా కూడా పట్టేస్తుంది, చూడమన్నాను. చూసింది. నీడ నిజంగానే జరుగుతోంది.

అదే సమయంలో పక్క గుంపుకు ఒక గైడు హిందీలో ఏదో చెబుతుంటే “జోడ్‌నా, జోడ్‌నా” అన్న మాట నా చెవిన పడింది. ఇక్కడ జోళ్ళు విప్పాలి కాబోలనుకుని, వినయంగా వంగి విప్పి చేత పట్టుకున్నాను. ఆ గుంపులో మరెవరూ విప్పకపోవడం చూసి, వారి సంస్కారానికి విచారించాను. ఆ తరువాత నీడను చూసి గడియారంలో రెండు గంటల పది నిమిషాలు పెట్టి, సంతృప్తిగా కీ ఇచ్చాను.

హోటలు నుంచి సామాను తీసుకుని స్టేషను చేరేసరికి నా గడియారంలో 4.50 అయింది. ప్లాట్‌ఫారం ఖాళీగా ఉండటం చూసి, మనవాళ్ళకు ముందుగా వచ్చే అలవాటు లేదని మా ఆవిడతో అన్నాను. ఆమె బదులివ్వకుండా తల పైకెత్తి స్టేషను గడియారం వంక చూసింది. అందులో 5.17.

దేశమంతటా బండ్లు నడిపేవారు ఒక గడియారాన్ని సరిగా నడపలేకపోవడం నాకు బాధ కలిగించింది. వెళ్ళి అక్కడి ఉద్యోగితో ఆ మాటే చెప్పాను. ఆయన కోపగించుకోకుండా నా చేతి వంక చూసి, దీన్ని దేనితో సరిచేశారని అడిగాడు. చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వి, “జోడ్‌నా థా, సాబ్,” అన్నాడు.

జోడ్‌నా అంటే కలపడమట. జైపూర్ నీడ జైపూర్ వేళనే చెబుతుంది. దేశానికంతటికీ లెక్కగా పెట్టుకున్నది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం వేళ. ఊరు ఆ గీతకు దాదాపు ఏడు డిగ్రీలు పడమరగా ఉన్నందున, డిగ్రీకి 4 నిమిషాల లెక్కన డిసెంబరు ఆఖరులో సుమారు 27 నిమిషాలు కలుపుకోవాలి. యంత్రం తప్పేమీ లేదు. అది జయసింగ్ నాటి మాట మీదే నిలబడి ఉంది. ఇంతకూ ఆ గీత పోయేది మా కాకినాడ పక్కనుంచే. చిన్నప్పటి నుంచి సూర్యుడూ గడియారమూ ఇంచుమించు ఒక్క మాట మీద ఉండే ఊళ్ళో పెరిగినవాడికి ఈ కలపడం సంగతి ఎలా తెలుస్తుందని మా ఆవిడను అడిగాను.

“మొత్తానికి రెండు సెకన్ల తేడాతో తప్పిపోయిందన్నమాట,” అన్నది.

మరునాడు అదే బండికి మూడు గంటల ముందే వచ్చి కూర్చున్నాం. దారిలో కనిపించిన ప్రతివారినీ ఆమె టైము అడుగుతూనే ఉంది; నేను మారు మాటాడలేదు. బండి అరగంట ఆలస్యంగా వచ్చింది. పెట్టె అందిస్తూ మా ఆవిడ మెల్లగా అన్నది:

“పాపం, ఇదీ నీడ చూసుకునే బయలుదేరినట్టుందండీ.”