150 పౌండ్లూ, రెండు అరిసెలూ

(స్థలం: లండనుకు పడమట ఉన్న రీడింగ్ పట్టణంలో ఒక వంటగది. కాలం: క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆఖరి శుక్రవారం గడిచిన మర్నాటి ఉదయం. బ్రిటన్‌లో ఆఫీసు విందులు చాలావరకు ఆ ఒక్క రాత్రే కట్టకట్టుకుని వచ్చిపడతాయి కనుక దానికి అక్కడివాళ్లు ‘పిచ్చి శుక్రవారం’ అని పేరు పెట్టారు. శ్రీమతి తండ్రిగారు తెనాలిలో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. అందుచేత ఈ ఇంట్లో కోపం పెరిగినప్పుడు గొంతు పెరగదు, వాక్యం పొడవు పెరుగుతుంది. ఇరవై ఏళ్ల కాపురంలో శ్రీవారికి కూడా అదే అంటుకుంది.)

శ్రీమతి: పెసరట్టు వేశాను, కూర్చోండి. కూర్చునే ముందు నెత్తిమీద ఆ కిరీటం తీసి పక్కన పెట్టండి. రాత్రి ఒంటిగంటకు తలుపు తీసినప్పుడు నిద్రమత్తులో నా కళ్లే మోసం చేశాయనుకున్నాను గానీ, పొద్దున తొమ్మిదైనా అది అక్కడే ఉంది.

శ్రీవారు: (తల తడుముకుని) ఇది కిరీటం కాదు, క్రాకరులోంచి వచ్చిన కాగితపు టోపీ. బల్ల దగ్గర ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని లాగితే అది టప్పున పేలుతుంది, పెద్ద ముక్క ఎవరి చేతిలో మిగిలితే లోపలి సరుకు వాళ్లది. 1840లలో లండనులో టామ్ స్మిత్ అనే మిఠాయి వ్యాపారి దీనిని మొదలుపెట్టాడు. టోపీ పెట్టుకోకుండా కూర్చున్నవాణ్ణి ఇక్కడ పెళ్లిలో అలిగిన మేనమామను చూసినట్టు చూస్తారు.

శ్రీమతి: మిఠాయి వ్యాపారి మొదలుపెట్టిన దాంట్లోంచి మిఠాయిని తీసేసి కాగితం పెట్టుకున్న జాతి సంగతి మనకెందుకు? విందులో ఏం జరిగిందో చెప్పండి.

శ్రీవారు: ఏమీ జరగలేదు. టర్కీ కోడి జోలికి పోకుండా, వేయించిన బంగాళాదుంపలూ, బొటనవేలంత క్యాబేజీల్లా ఉండే ఆ బ్రస్సెల్స్ స్ప్రౌట్సూ తిని, నారింజరసం తాగి, ఆఖరి బస్సు పట్టుకుని ఇంటికి వచ్చాను.

శ్రీమతి: (లోపలికి వెళ్లి ఒక కోటు తెచ్చి కుర్చీమీద పరుస్తుంది.) అయితే మీరు నా చేత్తో ఇస్త్రీ చేసిన నీలం కోటు వేసుకుని వెళ్లి, చేతివేళ్లు కూడా బయటికి కనబడనంత పొడుగు చేతులున్న ఈ నల్ల కోటులో తిరిగి రావడం కూడా ఏమీ జరగకపోవడం కిందికే వస్తుందా? దీని ఎడమ జేబులో సోంపు పొట్లం ఉంది. కుడి జేబులో నాలుగు మడతలు పెట్టిన పెద్ద కాగితం ఉంది.

శ్రీవారు: (చప్పున తేరుకుని) చూశావా, చీకట్లో కోట్లు తారుమారయ్యాయి. కోటు నాది కానప్పుడు జేబు నాది కాదు, జేబు నాది కానప్పుడు అందులోని కాగితం నాది కాదు. ఏ జడ్జి దగ్గరికి తీసుకెళ్లినా ఈ కేసు మొదటి వాయిదాలోనే కొట్టేస్తాడు.

(శ్రీమతి మడతలు విప్పుతుంది. కాగితం మీద పక్కపక్కనే, ఒకదానినొకటి ఆనుకుని, రెండు గుండ్రటి నల్లటి ఆకారాలు అచ్చయి ఉన్నాయి. కింద ఎవరో పెన్నుతో ‘డైరెక్టరుగారి నిజరూప దర్శనం’ అనే అర్థం వచ్చేటట్టు ఇంగ్లీషులో రాశారు. వంటగదిలో పెసరట్టు అంచు మాడుతున్న చప్పుడు తప్ప మరేమీ వినబడదు.)

శ్రీమతి: ఈ దేశంలో ఆఫీసు విందు నాటి రాత్రి మందు ఎక్కినవాళ్లు ఫోటోకాపీ యంత్రం మూత ఎత్తి, ఆ అద్దం మీద ఎక్కి కూర్చుని, తాము రోజూ కుర్చీకి ఆనించే భాగాన్ని అచ్చు తీసుకుని గోడలకు అంటిస్తారని మా లైబ్రరీలో పనిచేసే ఆవిడ చెబితే, వయసు మళ్లిన మనిషి ఏదో కల్పించి చెబుతోందనుకుని నేను నవ్వి ఊరుకున్నాను. ఆ దరిద్రం నా వంటింటికే నడిచి వస్తుందని అనుకోలేదు. ఇది ఎవరిది?

శ్రీవారు: నాది మాత్రం కాదు.

శ్రీమతి: ఆ సంగతి నాకు తెలుసు. ఇంత గుండ్రంగా ఉండడానికి మీకు పుట్టుకతోనే అవకాశం లేదు. (కళ్లజోడు పెట్టుకుని కాగితాన్ని వెలుగులోకి ఎత్తి చూస్తుంది.) ఈ చుక్కలేమిటి? ఒళ్లంతా చిన్నచిన్న గింజల్లా... ఇవి నువ్వులు. ఈ అంచు దగ్గర చీలిక, పాకం ఒక్క క్షణం ముదిరితే వచ్చే చీలిక. ఏమండీ, బుధవారం రాత్రి డబ్బాలో నేను 25 అరిసెలు లెక్కపెట్టి మూత బిగించాను, ఈ ఉదయం 23 ఉన్నాయి.

(ముద్దాయికి ఇంతసేపూ ధైర్యం ఇచ్చినది కోటు మారిపోవడమే. ఇప్పుడది కూడా పోయింది.)

శ్రీవారు: చెబుతాను, కానీ మధ్యలో అందుకోకు. మా ఆఫీసులో సీక్రెట్ శాంటా అని ఒక ఆట ఉంది. అందరి పేర్లూ చీటీలు వేసి, ఎవరికి ఎవరి పేరు వస్తే వాళ్లకు పేరు చెప్పకుండా కానుక ఇవ్వాలి, కానుక విలువ పది పౌండ్లకు మించకూడదు. నాకు కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడి పేరు వచ్చింది. బజారులో దొరికే కొవ్వొత్తులకంటే ఇంట్లో చేతితో చేసిన వస్తువు గౌరవంగా ఉంటుందని, రెండు అరిసెలను ఎర్రటి కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి ఇచ్చాను.

శ్రీమతి: కానుక కొనమని నేను మీ చేతిలో పెట్టిన పది పౌండ్లు?

శ్రీవారు: మిగిలాయి. మిగల్చడం నా వృత్తి. జీతాల లెక్కలు చూసేవాడు కానుకల్లో మాత్రం చెయ్యి జారనిస్తాడని ఎలా అనుకున్నావు?

శ్రీమతి: సరే. తిన్నాడా ఆ కుర్రాడు?

శ్రీవారు: (చాలాసేపు పెసరట్టు వైపు చూసి) తిన్నాడని చెప్పలేను. గుండ్రంగా, రాగిరంగులో, పైన చుక్కలతో ఉన్నాయి కదా, అవి గ్లాసుల కింద పెట్టుకునే చెక్క కోస్టర్లనుకున్నాడు. చాలా సంతోషించాడు, భారతీయ సంప్రదాయ కళ అని పక్కవాళ్లకు చూపించాడు. రాత్రి పదకొండు దాకా వాటి మీద బీరు గ్లాసు పెట్టుకుని తాగాడు.

శ్రీమతి: ఒక రోజంతా బియ్యం నానబోసి, నీళ్లు వంచి, తడి ఆరకముందే పిండి పట్టి, జల్లించి, ఈ చలిదేశంలో మంచి బెల్లం కోసం మూడు కొట్లు తిరిగి, నీళ్లలో వేస్తే ఉండకట్టేదాకా పాకం పట్టి, చలిమిడి కలిపి, నువ్వులు అద్ది, వేయించి, రెండు చిల్లుల గరిటెల మధ్య ఒక్కొక్కదానినీ పెట్టి నూనె వత్తి నేను చేసిన అరిసె మీద బీరు గ్లాసు! చెక్క అనుకున్నాడంటే గట్టిగా ఉన్నాయన్నమాటేగా మీ ఉద్దేశం?

శ్రీవారు: నేను ఆ మాట అనలేదు.

శ్రీమతి: అనకపోయినా మీ ముఖం అంటోంది. అవి యంత్రంలోకి ఎలా ఎక్కాయి?

శ్రీవారు: అక్కడికే వస్తున్నాను. అసలు నిన్నటి విందు ఎంతో క్రమశిక్షణతో మొదలైంది. ఉద్యోగులను లైంగిక వేధింపుల నుంచి కాపాడడానికి యజమాని ముందుగానే తగిన చర్యలు తీసుకోవాలనే కొత్త చట్టం 2024 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది కనుక, కింద నిలబడినవాళ్లు ముద్దు పెట్టుకోవాలనే మిసిల్‌టో కొమ్మను మా హెచ్ఆర్ ఆవిడ ఈసారి గుమ్మం దాటనివ్వలేదు. తర్వాత నార్తాంప్టన్‌లో జరిగిన కేసు ఒకటి చదివి వినిపించింది. అక్కడ 2011 డిసెంబరులో క్రిస్మస్ విందు ముగిశాక హోటలుకు వెళ్లి తాగుతూ మేనేజింగ్ డైరెక్టరు తన ఉద్యోగిని కొడితే, దానికి కంపెనీయే బాధ్యత వహించాలని 2018లో అప్పీలు కోర్టు తేల్చింది. అది విన్నాక మా డైరెక్టరు చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, క్రాకరు లాగడానికి తప్ప బయటికి తీయలేదు.

శ్రీమతి: మరి అంత క్రమశిక్షణలో ఇది ఎలా పుట్టింది?

శ్రీవారు: సేల్స్ కుర్రాళ్ల వల్ల. సెలవులో ఉన్న ఒకాయన బల్లనూ, కుర్చీనీ, ఫోనునూ, చివరికి పెన్సిళ్లను కూడా ఒక్కొక్కదానినీ విడిగా కానుకల కాగితంలో చుట్టేశారు. అదీ చాలక ఫోటోకాపీ యంత్రం మూత ఎత్తారు. ఒకడు బెల్టు మీద చెయ్యి వేశాడో లేదో, వరండాలో హెచ్ఆర్ ఆవిడ చెప్పుల చప్పుడు వినబడింది. కంగారులో పక్క బల్లమీదున్న ఆ రెండు ‘కోస్టర్లనూ’ అద్దం మీద పెట్టి, ఏదో ఆఫీసు పని చేస్తున్నట్టు బొత్తాం నొక్కారు. యాభై కాపీలు వచ్చాయి. ఆవిడ వెళ్లిపోయాక ఆ కాగితాలు చూసుకుంటే, పెట్టినది వేరు, కనబడుతున్నది వేరు. దానికి డైరెక్టరుగారి పేరు తగిలించి నోటీసు బోర్డుకెక్కించారు.

శ్రీమతి: ఇదంతా జరుగుతుంటే మీరు ఎక్కడున్నారు?

శ్రీవారు: (కొంచెం గర్వంగా) హారం పెంచుతున్నాను.

శ్రీమతి: ఎవరి మెడలో వెయ్యడానికి?

శ్రీవారు: ఆ హారం కాదు, లెక్కల్లో హారం. ఉద్యోగులందరినీ పిలిచే వార్షిక విందుకు తలకు 150 పౌండ్ల దాకా ఖర్చయితే ఇక్కడి సర్కారు పన్ను అడగదు. ఒక్క పౌండు దాటినా, దాటిన ఆ పౌండుకు కాదు, మొత్తానికీ పన్ను లెక్క కట్టాలి. నలభైమందికి 5,920 పౌండ్లు, అంటే తలకు 148 దగ్గర నేను ఆపాను. అప్పుడు డైరెక్టరుగారు చేతులు జేబుల్లో ఉంచుకునే, గడ్డంతో సైగచేసి ఇంకో 120 పౌండ్ల షాంపేను తెప్పించారు. తలకు 151 అయింది! ఖర్చు తగ్గించడం నా చేతిలో లేదు, విందుకు వచ్చినవాళ్లందరూ లెక్కలోకి వస్తారు కనుక మనుషులను పెంచడం ఒక్కటే దారి. సరిగ్గా ఆ సమయానికి ఎవరినో తీసుకెళ్లడానికి ఒక టాక్సీ డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు. ఆయన కోటు విప్పించి, కాగితపు టోపీ పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో మిన్స్ పై అనే క్రిస్మస్ తీపి కజ్జికాయ లాంటిది ఒకటి పెట్టాను. నలభై ఒక్కడు. తలకు 147 పౌండ్ల 32 పెన్నీలు.

(ఇక్కడ శ్రీవారు చప్పట్లు ఆశించారని నా అనుమానం. శ్రీమతి పొయ్యి కట్టేస్తుంది.)

శ్రీమతి: అంటే, ఉద్యోగుల భార్యలకు పిలుపు లేదని నవంబరు నుంచి నాకు చెబుతూ వచ్చిన మీరు, నలభై ఒకటో మనిషి కావలసి వచ్చిన ఘడియలో, అక్కడికి పది నిమిషాల దూరంలో పట్టుచీర మడతపెట్టుకుని టీవీ చూస్తూ కూర్చున్న కట్టుకున్న భార్యను వదిలిపెట్టి, పేరు కూడా తెలియని టాక్సీ డ్రైవరును కుర్చీలో కూర్చోబెట్టి టోపీ పెట్టారన్నమాట. నేను హారానికి కూడా పనికిరాలేదు.

శ్రీవారు: నువ్వు చీర కట్టుకుని వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది.

శ్రీమతి: ఆ మాటను అలాగే గుర్తుపెట్టుకోండి, దాని సంగతి తర్వాత చూస్తాను. నా అరిసెలు చివరికి ఏమయ్యాయి?

శ్రీవారు: ఆ డ్రైవరే తిన్నాడు. అమృత్‌సర్ దగ్గర పల్లెటూరి మనిషట. బల్లమీదున్న వాటిని చూసి, వాసన పట్టి, “గుడ్!” అన్నాడు. ఇంగ్లీషు గుడ్ అనుకుని అందరూ తలలూపారు గానీ, ఆయన అన్నది హిందీలో బెల్లం అని నాకొక్కడికే అర్థమైంది. బీరు తడిసిన వైపు తుడుచుకుని రెండూ తిని, ఇన్నాళ్లకు ఈ ఊళ్లో మనుషులు తినే మిఠాయి దొరికిందన్నాడు. వెళ్తూ వెళ్తూ నా కోటు వేసుకుపోయాడు.

శ్రీమతి: (మొదటిసారి మెత్తబడి) నలభై ఒక్కమందిలో ఒక్కడికి తెలిసిందన్నమాట.

శ్రీవారు: అదే కొంప ముంచింది. సాక్ష్యం ఆయన కడుపులోకి పోయింది. ఆ బొమ్మ ఎవరిదో తేల్చడానికి సోమవారం పదిగంటలకు రమ్మని హెచ్ఆర్ నుంచి మెయిలు వచ్చింది. అది మనిషి శరీరంలో ఏ భాగమూ కాదనీ, బియ్యప్పిండితో చేసిన తినుబండారమనీ నేను నిరూపించాలి. డబ్బాలోంచి ఒక్క రెండు అరిసెలు ఇప్పించు.

శ్రీమతి: రెండు ఇవ్వను. రెండు ఇస్తే మళ్లీ గ్లాసులు పెడతారు. నలభై ఒకటి చేసి ఇస్తాను, అందరూ నా పేరు విని, తినే వస్తువని తెలుసుకుని, మీ కళ్లముందు నమిలి తినాలి. బియ్యం ఇప్పుడే నానబోయండి. పిండి జల్లించేది మీరు, నూనె వత్తేది మీరు. నేను కుర్చీలో కూర్చుని పాకం చెబుతాను.

శ్రీవారు: (ముఖం పాలిపోయి) నలభై ఒకటి వద్దు. అందరికీ పంచితే అది విందు ఖర్చులోకి వస్తుంది. పరిమితికి ఇంకా తలకు 2 పౌండ్ల 68 పెన్నీలే మిగిలి ఉంది. నీ అరిసె ధర అంతకు మించకుండా రసీదు రాసిస్తేనే...

శ్రీమతి: నా అరిసె ధర మూడు పౌండ్లు.

శ్రీవారు: రెండున్నర అనుకుందాం.

శ్రీమతి: మూడు పౌండ్లు. పెన్నీ తగ్గదు.

శ్రీవారు: అయితే మళ్లీ నలభై రెండో మనిషి కావాలి!

(తలుపు గంట మోగుతుంది. శ్రీవారు పొడుగు చేతుల నల్ల కోటు పట్టుకుని లేచేలోపే శ్రీమతి వెళ్లి తలుపు తీస్తుంది. గుమ్మంలో ఒక భారీ మనిషి, మోచేతులు దాటని నీలం కోటులో ఇరుక్కుని, ఇంకా కాగితపు టోపీతోనే నిలబడి ఉన్నాడు. శ్రీమతి ఆయనను హిందీలో లోపలికి రమ్మని, మాడని పెసరట్టు ఆయనకు వడ్డించి, అరిసెల డబ్బా మూత తీస్తుంది. మాడినది శ్రీవారి ప్లేటులోకి వస్తుంది. డబ్బాలో 22 మిగిలాయి.)