వంచిన ఇనుప ముక్క చాలు, మీ డిజైన్లు మీ దగ్గరే పెట్టుకోండి

ఇప్పుడే నా కొత్త దారం కటర్‌లోని స్ప్రింగ్ టింగుమని ఎగిరి మంచం కిందకి పోయింది. పోయింది అంటే ఇక పోయినట్టే. ఫోన్ టార్చ్ వేసి వెతికాను, చీపురు పెట్టి లాగాను, ఎప్పటివో హుక్కులు, ఒక బాబిన్, మా వాడి క్రేయాన్ ముక్క బయటికొచ్చాయి, స్ప్రింగ్ మాత్రం రాలేదు. వరలక్ష్మీ వ్రతం నెత్తి మీద ఉంది. మిషన్ పక్కన జాకెట్ల గుట్ట. "అక్కా, మాది అయిందా" అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఇలాంటప్పుడు చేతిలో ఉన్న కటర్ రెండు ప్లాస్టిక్ ముక్కలై కూర్చుంటే ఒళ్లు మండదా చెప్పండి?

కుట్టుపని తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, తెలిసినవాళ్లు ఈ పేరా వదిలేయండి. దారం కటర్ అంటే వేళ్లు దూర్చి పట్టుకునే కత్తెర కాదు. అరచేతిలో ఇమిడిపోతుంది, రింగులు ఉండవు, కొన్నిటికి మాత్రం ఒక వేలు పెట్టుకునే రింగు ఉంటుంది. నొక్కితే తెగుతుంది, వదిలితే దానంతటదే తెరుచుకుంటుంది. ఇంతేనా అంటారేమో, ఉన్నదంతా ఇందులోనే ఉంది. మన చేతికి మూసే బలం ఉన్నంతగా తెరిచే బలం ఉండదు. పెద్ద కత్తెరతో ఒక్క దారం కొస తీయాలంటే వేళ్లు దూర్చాలి, తెరవాలి, మూయాలి, కింద పెట్టాలి, మళ్లీ గుడ్డ సర్దుకోవాలి. కటర్ అయితే కుట్టు నడుస్తున్నంతసేపూ చేతిలోనే ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు గుడ్డని తోస్తుంటాయి, మిగతా వేళ్లు కటర్‌ని అరచేతికి అదిమి పట్టుకుంటాయి, మిషన్ పాదం ఎత్తగానే టక్. పొద్దుట్నుంచి రాత్రి దాకా ఈ టక్ టక్ ఎన్నిసార్లో ఎవరూ లెక్కపెట్టరు, మన బొటనవేలు తప్ప.

ఇంకో మాట. మా చెల్లిది ఎడమ చేతి వాటం. మామూలు కత్తెర దాని చేతిలో దారాన్ని కోయదు, నములుతుంది. ఎందుకంటే ఆ కత్తెర పలకలు కుడిచేయి నొక్కే తీరుకే ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, ఎడమ చేత్తో నొక్కితే దూరం జరుగుతాయి. కటర్‌లో బొటనవేలు పక్కకి తోసే పనే లేదు కాబట్టి దానికి ఆ బాధ చాలావరకు తప్పింది. చిన్నప్పుడు క్రాఫ్ట్ క్లాసులో "కత్తెర పట్టుకోవడం కూడా రాదా" అని దాని చేతి మీద స్కేలుతో కొట్టిన టీచరమ్మ ఒకావిడ ఉంది, ఆ సంగతి వేరే పోస్ట్ రాయాలి, ఇప్పుడు మొదలుపెడితే జాకెట్లు అవ్వవు.

సరే, అసలు విషయానికి వస్తా. ఈ పనిముట్టు డిజైన్ ఎప్పుడో తేలిపోయింది. రెండు వేల ఏళ్ల కిందట రోమన్లు వాడిన ఇనుప కత్తెరలు మ్యూజియంలలో ఉన్నాయి, ఫొటోలు చూడండి. ఒకే ఇనుప బద్దని మధ్యలో వంచారు, రెండు కొసలకీ పదును పెట్టారు. మేకు లేదు, స్క్రూ లేదు, విడిగా స్ప్రింగ్ లేదు, ఎగిరి మంచం కిందకి పోవడానికి అందులో ఏమీ లేదు. ఆ వంపే స్ప్రింగ్. గొర్రెల ఉన్ని కత్తిరించడానికి ఇదే తీరులో పెద్దవి చేశారు, దారాలకి చిన్నవి చేశారు. జపాన్‌లో ఈ రోజుకీ కుట్టుపెట్టెల్లో ఉండేది ఇదే, వాళ్లు నిగిరి-బసామి అంటారు, హ్యోగో ప్రాంతంలో ఓనో అనే ఊరు వీటికి పేరు. మెత్తటి ఇనుముకి అంచు దగ్గర మాత్రం గట్టి ఉక్కు అతికి, కొలిమిలో కాల్చి, సుత్తితో సాగగొట్టి చేస్తారు.

ఎందుకంత కష్టం అంటారా? వంపు దగ్గర లోహం వంగి మళ్లీ వెనక్కి రావాలి, విరగకూడదు. అంచు దగ్గర గట్టిగా ఉండాలి, మొద్దుబారకూడదు. ఉన్నది ఒకే ముక్క, దానికి రెండు చోట్లా రెండు గుణాలు కావాలి. మొత్తం గట్టిపరిస్తే వంపు దగ్గర ఫట్‌మంటుంది, మొత్తం మెత్తగా వదిలేస్తే నాలుగు రోజులకే అంచు పోతుంది, నొక్కింది నొక్కినట్టే ఉండిపోతుంది. కష్టమంతా అక్కడే ఉంది, ఖర్చంతా అక్కడే అవుతుంది. అందుకే మనకి అమ్మేవాళ్లు ముందు దాన్నే తీసేశారు, దాని బదులు పసుపు ప్లాస్టిక్ పెట్టారు. పసుపు నచ్చకపోతే నీలం కూడా ఉందట, షాపతను ఎంతో ఉదారంగా చెప్పాడు.

నా చేతిలో విరిగినదాన్ని విప్పి చూశాను, ఎలాగూ విప్పబడే ఉంది కదా. రేకు మీద అచ్చు కొట్టి తీసిన రెండు పలకలు. వెనక ఒక మేకు. మధ్యలో బాల్‌పెన్నులో ఉండేంత స్ప్రింగ్, దాన్ని పట్టి ఉంచడానికి ప్లాస్టిక్‌లోనే రెండు చిన్న బుడిపెలు. అంటే ఈ పనిముట్టు ఆయుష్షు మొత్తం ఆ బుడిపెల మీద ఉందన్నమాట. అవి అరిగిన రోజు స్ప్రింగ్‌కి స్వాతంత్ర్య దినోత్సవం. పైగా దీనికి సేఫ్టీ లాక్ ఒకటి! పని మధ్యలో బొటనవేలు తగిలి లాక్ పడిపోతుంది, మనం నొక్కుతూనే ఉంటాం, అది కదలదు. ఎవరి సేఫ్టీ అది? దారానిదా? అట్ట మీద మాత్రం "ఎర్గోనామిక్ గ్రిప్" అని బంగారు రంగులో రాశారు. ఎవరి చెయ్యి కొలిచి చేశారో తెలియదు కానీ ఆ చెయ్యి జాకెట్లు కుట్టే ఆడమనిషిది అయితే కాదు.

స్ప్రింగ్ సంగతి అలా ఉంచండి, ఉన్నప్పుడైనా సరిగ్గా కోసిందా? మంచి కటర్ పలకలు పూర్తిగా తిన్నగా ఉండవు, కాస్త బయటికి వంపు తిరిగి ఉంటాయి. మూసి వెలుతురుకి పట్టి చూస్తే మధ్యలో సన్నటి సందు కనిపిస్తుంది, మొన దగ్గర మాత్రం రెండూ తాకుతాయి. ఆ వంపు వల్లే నొక్కేకొద్దీ రెండు అంచులూ ఒక్క బిందువు దగ్గర ఒత్తుకుంటూ ముందుకి పోతాయి, దారం తప్పించుకోలేదు. ఇప్పుడొచ్చే రేకు పలకలకి ఆ వంపు ఉండదు. అందుకని దారం రెండింటి మధ్యలో మడత పడుతుంది. అది తెగిందనుకుని మనం చెయ్యి లాగుతాం, దారం లాగుకుపోయి కుట్టు ముడుచుకుంటుంది. నెట్ గుడ్డతో కుట్టిన జాకెట్ చేతుల మీద ఇలా జరిగితే ఇక చెప్పాలా? గోళ్లతో సర్దుతూ కూర్చోవాలి, సర్దినా ఆ ముడత ఇస్త్రీకి కూడా లొంగదు.

ఇక మొన. దారం కొస తీసేటప్పుడు మనం వాడేది మొన దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లే, మిగతా పలకంతా దాన్ని మోయడానికే. ఆ రెండు మిల్లీమీటర్లు కలవకపోతే కటర్ ఉండీ లేనట్టే. కొన్నిటిలో కలవవు, కొన్నిటిలో ఒకదాని మీద ఒకటి ఎక్కి దాటిపోతాయి. మరీ సూదిలా ఉంటే పట్టు పోగు లేపేస్తుంది, లావుగా ఉంటే కుట్టు దాకా పోదు. మగ్గం వర్క్ చేసేవాళ్లని అడగండి, మొన కాస్త పైకి వంగిన కటర్ కోసం ఎంత తిరుగుతారో. జరీ కోయడానికి ఒకటి, సిల్క్ దారానికి ఒకటి విడిగా దాచుకుంటారు, జరీలో లోహం ఉంటుంది కాబట్టి ఒక్కసారి దాన్ని కోస్తే అంచుకి నొక్కు పడుతుందని వాళ్లకి తెలుసు. వీడియోల్లో రివ్యూలు చెప్పే పిల్లలకి తెలియదు. వాళ్లు కటర్ తీసి కాగితం కోసి చూపిస్తారు, "చూడండి ఫ్రెండ్స్ ఎంత షార్ప్‌గా ఉందో" అని. కాగితం కోసే కటర్ ఎవరు అడిగారు తల్లీ? ఒక్క పోగు పాలిస్టర్ దారం తీసుకుని, లాగకుండా వదులుగా వదిలి, మొనతో కోసి చూపించు, అప్పుడు సబ్‌స్క్రైబ్ చేస్తా.

ఈ బాధ ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే మా బావగారు వెంటనే లింక్ పంపారు. "డజను రెండొందలే, పోతే ఇంకోటి తీసుకో, దీనికెందుకు టెన్షన్" అట. అదే కదా నా ఏడుపు! పనిముట్టు పోతుందని ముందే ఒప్పుకుని డజను కొనుక్కోవాలా? మీరట్ కత్తెరలకి 2013లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకు అని చెప్పే ప్రభుత్వ గుర్తింపు, ఇచ్చారు. పాత లారీల కమాను పట్టీల్లాంటి ఉక్కు కాల్చి, కొట్టి చేస్తారు వాటిని. తాత కొంటే మనవడు వాడతాడని అక్కడివాళ్ల సామెత. మొద్దుబారితే సాన పట్టించుకోవచ్చు. నా పసుపు రాణిని సాన పట్టే అతని దగ్గరికి తీసుకెళ్తే నా మొహం చూసి, దాన్ని చూసి, డబ్బులు కూడా అడక్కుండా సైకిల్ తొక్కుకుంటూ పోయాడు.

మా నాన్న దర్జీ. ఆయన దగ్గర నల్లటి ఇనుప కటర్ ఉండేది, వంచిన ఒకే ముక్క, దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు. ఆయన పోయాక మిషన్‌తో పాటు అది కూడా అన్నయ్య ఇంటికి వెళ్లింది. ఇప్పుడు మా వదిన వంటింట్లో పాల ప్యాకెట్లు కోస్తోంది. అడిగితే "అయ్యో, ఇంత చిన్నదానికి మొహమాటమెందుకు, తీసుకెళ్లు వదినా" అంటుంది, తీరా బయల్దేరే టైముకి అది ఎక్కడా కనిపించదు. ఈ పోస్ట్ చదువుతోందని తెలుసు. చదవనీ.

"ఇంత చిన్నది" అంటే గుర్తొచ్చింది, నాకు అసలు మంట అక్కడుంది. విజయవాడలో ఒక బొటిక్ మేడమ్‌కి జాబ్‌వర్క్ చేసేదాన్ని. పేరు చెప్పను. కస్టమర్ దగ్గర జాకెట్‌కి మూడున్నర వేలు తీసుకునేది, నాకు నాలుగొందల యాభై ఇచ్చేది. పోనీలే, షాపు అద్దె, ఏసీ, అద్దాలు, ఆవిడ ఖర్చులు ఆవిడవి. కానీ ఒకసారి పంపిన జాకెట్ వెనక్కి పంపింది, లోపల, లైనింగ్‌లో, చంక కుట్టు దగ్గర, ఎర్ర స్టిక్కర్ అంటించి. ఏమిటా అని చూస్తే ఒక దారం కొస. వేసుకున్నాక దేవుడికి కూడా కనిపించని చోట గోరంత దారం. దానికి నూట యాభై కోసేసింది, "నీ దగ్గర ఫినిషింగ్ లేదమ్మా" అని ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. మరి ఫినిషింగ్‌కి విడిగా ఎంతిస్తావమ్మా అంటే, "దారాలు కత్తిరించడానికి కూడా డబ్బులా?" అని నవ్వింది. చేయకపోతే అది నూట యాభై రూపాయల పని, చేస్తే సున్నా పని. ఈ లెక్క ఏ స్కూల్లో చెప్తారో నాకూ కాస్త చెప్పండి.

గార్మెంట్ ఫ్యాక్టరీల్లో చూడండి, మా పిన్ని కూతురు కొన్నాళ్లు చేసింది. అక్కడ దారం కటర్‌కి నంబర్ ఉంటుంది, తాడుతో మిషన్‌కి కట్టి ఉంచుతారు, సాయంత్రం లెక్క చూపించాలి, మొన విరిగితే ఆ ముక్క దొరికేదాకా ఊరుకోరు, చొక్కాలో కలిసి ఏ పిల్లాడికో గుచ్చుకుంటుందని. విదేశీ బయ్యర్ తనిఖీలో కత్తిరించని దారం కొస కూడా డిఫెక్టే. ఇంత ముఖ్యమైన పని కదా, మరి దారాలు కత్తిరించే అమ్మాయిని ఏమంటారు? హెల్పర్. కుట్టేవాళ్లు ఆపరేటర్లు, ఈ పిల్ల హెల్పర్, జీతం అందరికన్నా కింద. తాడు కటర్‌కి కట్టారు కానీ...సరే వదిలేయండి, ఇంకా రాస్తే ఆ పిల్ల నన్ను తిడుతుంది.

డిజైన్ చేసేవాడికీ అందుకే పట్టదు. కోటు కుట్టే మాస్టర్ పట్టుకునే పెద్ద కత్తెర అయితే మోడళ్లు, బ్రాండ్లు, తోలు సంచి, వారంటీ కార్డు. దారం కొసలు తీసే దానికి మాత్రం బుడిపె మీద స్ప్రింగ్. ఆ పని ఎవరు చేస్తారో వాళ్లకి తెలుసు, వాళ్లు కంప్లైంట్ ఇవ్వరనీ తెలుసు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "అయ్యా, మీ పాతిక రూపాయల కటర్ విరిగింది" అని ఎవరు చెప్తారు? నేను చెప్పాను. ఇరవై నిమిషాలు పాట వినిపించారు.

కాబట్టి ఇప్పుడే చెప్తున్నా, తర్వాత గుమ్మంలో నిలబడి గొడవ వద్దు. శ్రావణం అయ్యాక నా దగ్గర ఫినిషింగ్ ఛార్జ్ యాభై రూపాయలు విడిగా ఉంటుంది, బోర్డు రాయిస్తున్నా. వద్దనుకున్నవాళ్లకి దారాలతో సహా ఇచ్చేస్తా, ఇంటికెళ్లి మీరే కత్తిరించుకోండి, ఎలాగూ అది పనే కాదు కదా. పాత నల్ల ఇనుప కటర్ అమ్మే షాపు గుంటూరు, తెనాలి, విజయవాడల్లో ఎక్కడైనా ఉందని తెలిస్తే చెప్పండి, కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుంటా. వ్రతం జాకెట్లు గురువారం సాయంత్రం ఆరు దాటాక రండి, ఈలోపు ఫోన్లు చేయొద్దు. బావగారూ, మీరు ఆ డజను నా పేరు మీద ఆర్డర్ పెట్టేశారని అక్క చెప్పింది. వచ్చాక మీకే పంపిస్తా, మీసాలు కత్తిరించుకోండి.