ట్రయల్స్ పిస్తోలుకి పెళ్ళిచూపులు

అమెరికా పాత తుపాకుల బజారులో "ట్రయల్స్" (అంటే సైన్యం పరీక్షలకు వెళ్ళిన పిస్తోలు) అన్న మాట నేతిబీరకాయలో నెయ్యి లాంటిది. బిల్లులో మాత్రం నేతి ఖరీదు తప్పకుండా ఉంటుంది.

అసలు సంగతి చిన్నదే. 1907లో అమెరికా సైన్యం స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో .45 కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు 0.45 అంగుళం) పిస్తోళ్ళకు పోటీ పెట్టింది. కోల్ట్, శావేజ్ అనే రెండు కంపెనీలకీ రెండేసి వందలు ఆర్డరిచ్చింది. లూగర్ చేసే జర్మన్ కంపెనీ తప్పుకుంది. 1911 మార్చిలో ఆఖరి పరీక్ష. 6,000 తూటాల్లో కోల్ట్ ఒక్కసారి కూడా మొరాయించలేదు, శావేజ్ 37 సార్లు మొరాయించింది. అలా ఓడిన శావేజ్ .45లకే ఇప్పుడు ఇంత గిరాకీ. మొత్తం రెండొందల చిల్లర.

అదే కంపెనీ జేబు పిస్తోలు, మోడల్ 1907, .32 కాలిబర్‌ది, రెండు లక్షల పైచిలుకు తయారైంది. చూపుకి అన్నకి తమ్ముడు. ఇక ఈ తుపాకులమ్మే పెళ్ళిళ్ళ పేరయ్యలకు పండగే.

"కుర్రాడు మిలిటరీ అండీ. 1907 ట్రయల్స్."

"స్లైడు మీద 'క్యాల్ 32' అని చెక్కి ఉందే?"

"చిన్నప్పటి కొలతండీ."

"మ్యాగజైన్లో పది తూటాలు పడుతున్నాయి. ట్రయల్స్ శావేజ్‌కి ఎనిమిదే కదా?"

"తెలివైన కుర్రాడు, రెండు ఎక్కువే."

"సైన్యం ముద్ర ఏదీ?"

"గుట్టు గల కుటుంబమండీ."

"కాగితాలు?"

"వాళ్ళ తాతగారు కల్నల్ అని మనవరాలి ఉత్తరం ఉంది."

"అందులో సీరియల్ నంబరు లేదు."

"పెద్దింటివాళ్ళు నంబర్లు రాస్తారా అండీ?"

నంబరు లేని ఉత్తరం తాతగారికి సాక్ష్యం, తుపాకీకి కాదు. గొట్టం మూతి మీద స్కేలు పెట్టినా బండారం బయటపడుతుంది: .45 అంటే పదకొండు మిల్లీమీటర్ల పైచిలుకు, .32 ఎనిమిది కూడా ఉండదు. స్కేలు కొనడానికి డబ్బుల్లేక లక్షలు పోసి పిస్తోలు కొంటున్నారు పాపం.

లూగర్ సంబంధం ఇంకా రంజుగా ఉంటుంది. 1901లో సైన్యం వెయ్యి లూగర్లు కొని పరీక్షించి, తర్వాత అమ్మేసింది. వాటి మీద సైన్యం తనిఖీ ముద్రలు లేవు. చాంబర్ (తూటా కూర్చునే గది) మీది అమెరికన్ గద్ద మామూలు జనానికి అమ్మినవాటి మీదా ఉంది. అంటే ఏ గుర్తూ లేకపోవడమే ఇక్కడ గుర్తు! ఆ లెక్కన మా వీధి చివర రుబ్బురోలు కూడా ట్రయల్స్‌దే. సీరియల్ నంబరు సైన్యం కొన్నవాటి వరుసలో పడినా, అది "కావచ్చు" అనడానికే పనికొస్తుంది.

"యాంటిక్" అనే బిరుదు కూడా ఉత్తదే. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనదే యాంటిక్. 1907 కుర్రాడు వయసు చాలక బయటే నిలబడాలి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. "నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు సైన్యం నాటి మెరుపే" అని పేరయ్య అన్నదగ్గర మాత్రం నవ్వు రాదు. పరీక్షలయ్యాక చాలా శావేజ్‌లను కంపెనీయే వెనక్కి కొని, మళ్ళీ బ్లూయింగ్ (ఉక్కుకి నీలినలుపు రంగు పట్టించడం) చేసి అమ్మింది. అది కూడా చరిత్రే, ఒప్పుకుందాం. కానీ తర్వాత గ్యారేజీలో మెరుగుపెట్టే బఫింగ్ చక్రానికి ఆనించినవాడు ఎవడు? వాడికి ఏం హక్కు ఉంది? అంచులు గుండ్రమవుతాయి. చెక్కిన అక్షరాలు కరిగి, పెదవులు వాచినట్టు కనిపిస్తాయి. స్క్రూ రంధ్రాల చుట్టూ గిన్నెలా గుంట పడుతుంది. చదునుగా ఉండాల్సిన ఉక్కు, దీపం పక్కవాటుగా పెడితే అలలు కొడుతుంది. తుప్పు గుంటల లోపల కూడా నల్లటి కొత్త రంగు! తనిఖీదారు నూరేళ్ళ కింద కొట్టిన ముద్రని అరనిమిషంలో చెరిపేసి, దాన్ని "రిస్టోర్ చేశాను" అంటాడా దుర్మార్గుడు. చెక్కు చెదరని తుప్పు పిస్తోలు వంద ఇవ్వండి, దీని ముందు మేలు. తుప్పుంటే నూనె రాసి నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తుడవడం చాలు. ఉక్కుపీచు కూడా వద్దు. అంతకంటే చేతనైతే చేతులు జేబులో పెట్టుకో నాయనా!

పదింతల భూతద్దం పెట్టి "ముద్ర ఏదయ్యా?" అంటే, "పాలిష్‌లో పోయిందండీ" అంటాడు పేరయ్య. ధర మాత్రం ముద్ర ఉన్నట్టే చెబుతాడు.