నదిని కాపాడేవారు ఎవరికి జవాబు చెప్పాలి?

న్యూజిలాండ్‌లోని 11 రీజినల్ కౌన్సిళ్లకు ప్రజలు నేరుగా సభ్యులను ఎన్నుకునే పద్ధతిని ఎత్తివేసి, ఆ సభ్యుల అధికారాలను ఆయా ప్రాంతాల నగర, జిల్లా కౌన్సిళ్ల మేయర్లతో ఏర్పడే బోర్డులకు అప్పగించాలని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రతిపాదించింది. వీసా నిబంధనలు గానీ గృహరుణాల వడ్డీ గానీ మారితే అదే రోజు మాట్లాడుకునే ఇక్కడి మన తెలుగు కుటుంబాలలో ఈ ప్రతిపాదన గురించి చర్చ దాదాపు లేదు. ఇది మనకు సంబంధించిన విషయమే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆక్లాండ్‌లో మన ఇళ్ల కుళాయిలకు చేరే నీటిలో కొంత వైకాటో నదిది. ఆ నది ఎలా ఉందో కనిపెట్టి చూసే బాధ్యత వైకాటో రీజినల్ కౌన్సిల్‌ది. హామిల్టన్‌లో ఉన్నవారు రోజూ ఎక్కే సిటీ బస్సునూ, ఆక్లాండ్‌కు వచ్చే తే హుయియా రైలునూ నడిపిస్తున్నది కూడా అదే సంస్థ అయినా, దాని అసలు పని నీరు, నేల, గాలి.

1989లో స్థానిక పాలనను పునర్వ్యవస్థీకరించినప్పుడు ఈ కౌన్సిళ్ల సరిహద్దులను చాలావరకు నదీ పరీవాహక ప్రాంతాలను బట్టి గీశారు. అంతకుముందు, 1941 నాటి చట్టం కింద, నేలకోతను, వరదలను అదుపు చేయడానికి పరీవాహక ప్రాంతాల వారీగా బోర్డులు ఉండేవి. కొత్త కౌన్సిళ్లు ఆ బోర్డుల బాధ్యతలను అందుకున్నాయి. కృష్ణా గోదావరీ తీరాల నుంచి వచ్చినవారికి కరకట్ట అంటే ఏమిటో వివరించనక్కరలేదు. ఇక్కడ వాటిని కట్టి నిలబెట్టే పని నేటికీ ఈ కౌన్సిళ్లదే. 1991 నాటి వనరుల నిర్వహణ చట్టం వాటికి మరో కర్తవ్యాన్ని అప్పగించింది. ఆ చట్టంలోని 35వ సెక్షన్ ప్రకారం తమ ప్రాంతంలోని పర్యావరణ స్థితిని పర్యవేక్షించడం, ఆ సమాచారాన్ని ప్రజలకు అందుబాటులో ఉంచడం వాటి విధి.

ఆ విధి ఆచరణలో ఎలా ఉంటుందో తెలియాలంటే వైకాటో నదినే చూడాలి. తౌపో సరస్సు నుంచి పోర్ట్ వైకాటో వద్ద సముద్రం వరకు 425 కిలోమీటర్ల పొడవునా పారే ఈ నది సరస్సును వదిలేటప్పుడు అడుగున రాళ్లు కనిపించేంత తేటగా ఉంటుంది. దిగువకు వచ్చేకొద్దీ భూతాప క్షేత్రాల నుంచి ఆర్సెనిక్, పాడి భూముల నుంచి నత్రజని, ఫాస్ఫరస్, ఊళ్ల నుంచి శుద్ధి చేసిన మురుగునీరు వచ్చి కలుస్తాయి. మధ్యలో జలవిద్యుత్ ఆనకట్టలు ప్రవాహాన్ని నెమ్మదింపజేస్తాయి. కౌన్సిల్ సిబ్బంది నది వెంట నిర్ణీత స్థలాలలో ప్రతి నెలా నమూనాలు తీసి, నీటి తేటదనాన్ని, కరిగిన ప్రాణవాయువును, ఇ-కొలై బాక్టీరియాను, పోషక పదార్థాలను కొలుస్తారు. చిన్న ఏరులలో రాళ్ల అడుగున బతికే పురుగులను సేకరించి, ఏ జాతులు మిగిలాయో, ఏవి మాయమయ్యాయో చూస్తారు. ఒక నాటి నమూనా ఆ నాటి నీటి సంగతే చెబుతుంది. ఆ పురుగులు మాత్రం గడచిన అనేక నెలల సంగతి చెబుతాయి. చలికాలంలో కట్టెల పొయ్యిల పొగ కమ్ముకునే టోకోరోవా పట్టణంలో గాలిలోని సూక్ష్మ ధూళిని కొలిచేది కూడా ఈ కౌన్సిలే.

ఈ కొలతలకు విలువ వచ్చేది అవి ఏళ్ల తరబడి ఆగకుండా సాగినప్పుడే. తౌపో సరస్సు విషయమే తీసుకుందాం. గడ్డి భూములలో పశువుల మూత్రం నుంచి నేలలోకి ఇంకే నత్రజని భూగర్భ జలం ద్వారా సరస్సును చేరడానికి కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. అంటే ఈ రోజు సరస్సులో కనిపిస్తున్న మార్పుకు కారణం ఒక తరం క్రితం నాటి వ్యవసాయం కావచ్చు. దీర్ఘకాలపు కొలతలు చేతిలో ఉన్నాయి కాబట్టే కౌన్సిల్ అక్కడి ప్రతి పొలం నుంచి వెలువడే నత్రజనికి పరిమితి విధించగలిగింది. మానవ ప్రమేయంతో చేరే నత్రజనిని 20 శాతం తగ్గించడానికి ప్రజాధనంతో ఒక నిధి ఏర్పడింది. సరస్సును 2080 నాటికి 2001 నాటి స్థితికి తేవడం లక్ష్యం. ఆ లక్ష్యం నెరవేరే నాటికి దానిని నిర్ణయించిన సభ్యులలో ఎవరూ పదవిలో ఉండరు. మూడేళ్లకొకసారి ఎన్నికలు జరిగే వ్యవస్థ ఇంత దూరపు గడువును తనకు తానే పెట్టుకోవడం నాకు నిజంగా గౌరవం కలిగించే విషయం.

ఇప్పుడు ప్రతిపాదనకు వస్తాను. కౌన్సిల్ కార్యాలయాలు, శాస్త్రవేత్తలు అలాగే ఉంటారని, ఎన్నికైన సభ్యులు మాత్రమే పోతారని, రెండేళ్లలో మేయర్లు తమ ప్రాంత పాలనకు కొత్త రూపాన్ని సూచిస్తారని ప్రభుత్వం చెప్పింది. నా అభ్యంతరం ఇక్కడే. హామిల్టన్ నగర మురుగునీటిని పుకెటే కేంద్రంలో శుద్ధి చేసి వైకాటో నదిలోకి వదులుతారు. అందుకు అనుమతి ఇచ్చేది, షరతులు పెట్టేది, అవి తప్పితే చర్య తీసుకునేది రీజినల్ కౌన్సిల్. అంటే నదిపై అతి పెద్ద భారం మోపేవారిలో పట్టణాలు కూడా ఉన్నాయి. ఆ పట్టణాల మేయర్లే రేపు అనుమతులిచ్చే బోర్డులో కూర్చుంటే, మురుగునీటి శుద్ధికి అయ్యే ఖర్చును ఇంటి పన్నుగా తన ఓటర్ల మీద వేయవలసిన మేయరు, కఠినమైన షరతు కోసం చేయి ఎత్తుతారా? ఎత్తేవారు ఉండవచ్చు. అయితే ఒక నది ఆరోగ్యాన్ని వ్యక్తుల మంచితనానికి వదిలిపెట్టకూడదు.

ఎదుటి వాదనలో నిజం లేదని అనను. ఒకే ఊరికి రెండు కౌన్సిళ్లు ఉండడం వల్ల ఖర్చూ జాప్యమూ పెరుగుతున్న మాట వాస్తవం. ఈ సంస్థలు ఘోరంగా విఫలమైన సందర్భమూ ఉంది. 2016 ఆగస్టులో హాక్స్ బే ప్రాంతంలోని హావ్‌లాక్ నార్త్‌లో భారీ వర్షాల తరువాత గొర్రెల పెంట కలిసిన నీరు తాగునీటి బోర్లలోకి చేరి, అయిదు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. నాలుగు మరణాలకు దానితో సంబంధం ఉందని భావించారు. భూగర్భ జలాన్ని కాపాడవలసిన రీజినల్ కౌన్సిలూ, ఆ నీటిని సరఫరా చేసే జిల్లా కౌన్సిలూ కలిసి పనిచేయలేదని ప్రభుత్వ విచారణ తప్పుపట్టింది. అయితే ఆ అనుభవం నుంచి దేశం తీసుకున్న చర్యలలో ఒకటి తాగునీటికి స్వతంత్ర నియంత్రణ సంస్థను నెలకొల్పడం. నీరు సరఫరా చేసేవారినే నియంత్రకులుగా కూర్చోబెట్టలేదు. పైగా, ఓటును పక్కనపెట్టడం ఎంత సులభమో, తిరిగి తేవడం ఎంత ఆలస్యమో కాంటర్బరీ ప్రజలకు తెలుసు: 2010లో అక్కడి రీజినల్ కౌన్సిల్ సభ్యులను తొలగించి కమిషనర్లను నియమించిన తరువాత, పూర్తిగా ఎన్నికైన కౌన్సిల్ తిరిగి రావడానికి 2019 దాకా పట్టింది.

మన రాష్ట్రాలలో కాలుష్య నియంత్రణ మండళ్లు 1974 నాటి కేంద్ర చట్టం కింద పనిచేస్తాయి. వాటి సభ్యులను ప్రభుత్వమే నియమిస్తుంది. మూసీ ఒడ్డున ఉన్నవారికీ, కొల్లేటి చుట్టూ ఉన్నవారికీ ఆ మండలిలో ఎవరుండాలో నిర్ణయించే ఓటు ఎన్నడూ లేదు. ఇక్కడ ఆ ఓటు మనకు ఉంది. పౌరసత్వం తీసుకోకపోయినా, రెసిడెంట్ వీసా ఉండి ఒక ఏడాది ఇక్కడ నివసించినవారు స్థానిక ఎన్నికలలో ఓటు వేయవచ్చు. ఆక్లాండ్‌లో ఒకే కౌన్సిల్ నగర, రీజినల్ బాధ్యతలు రెండింటినీ మోస్తుంది కనుక అక్కడివారికి రీజినల్ ఎన్నిక విడిగా ఉండదు. హామిల్టన్, వెల్లింగ్టన్, క్రైస్ట్‌చర్చ్‌లలో ఉన్నవారికి మాత్రం పోస్టులో వచ్చే ఓటు పత్రంలో రీజినల్ కౌన్సిల్ అభ్యర్థుల పేర్లు ఉంటాయి. మేయరు పదవికి మాత్రం ఓటు వేసి మిగిలిన భాగాన్ని ఖాళీగా వదిలేసేవారు మనలో తక్కువ కాదు.

ఇలాంటి మార్పు చట్టం కావాలంటే సాధారణంగా పార్లమెంటు సెలెక్ట్ కమిటీ పరిశీలన దాటాలి. కమిటీకి ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు, సంఘాలూ పంపవచ్చు. మన సంఘం తన పేరుతో ఒక లేఖ పంపాలని కోరుతున్నాను. మురుగునీటిని నదిలోకి వదిలే కౌన్సిల్ మేయరు ఆ అనుమతిపై జరిగే నిర్ణయంలో పాల్గొనకూడదని, నెలవారీ నమూనాల సేకరణకు నిధులు బోర్డు ఇష్టాన్ని బట్టి కాక చట్టం ద్వారానే హామీ కావాలని, ఆ ఫలితాలు ఇప్పటిలాగే ఎవరైనా చూడగలిగేలా వెలువడాలని ఆ లేఖలో స్పష్టంగా అడగాలి.