గోధుమ ముట్టరాదు, గోధుమే తినవలెను

ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి మోషే ప్రవక్త తమను బయటికి నడిపించిన కథను తలుచుకునే యూదుల పస్కా పండక్కి ఆరోగ్యకరమైన, గ్లూటెన్ (గోధుమ వంటి ధాన్యాల్లో ఉండే జిగురు ప్రోటీన్) లేని భోజనం వండటం చాలా సులువని ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో అమెరికా వంటల నిపుణులు ముక్తకంఠంతో చెబుతుంటారు. వాళ్ళ వాదన కాదనలేనిది. పండగ ఎనిమిది రోజులూ, ఇజ్రాయెల్లో అయితే ఏడు రోజులూ, ఇంట్లో బ్రెడ్డు ఉండకూడదు, కేకు ఉండకూడదు, బీరు ఉండకూడదు. గోధుమ, బార్లీ, రై, స్పెల్ట్, ఓట్స్, ఈ ఐదింట్లో దేనికి తడి తగిలి పులిసినా అది హమేత్స్. తినడం సంగతి అటుంచి, దగ్గర పెట్టుకోవడమే తప్పు. ముందురోజు రాత్రి కొవ్వొత్తి, ఈక పట్టుకుని మూలమూలలా రొట్టె తునకల కోసం వెతుకుతారు. దొరికినవి పొద్దున్నే తగలబెడతారు. పారేయడానికి మనసొప్పని సరుకును యూదులు కానివాళ్ళకు అమ్మేసి, పండగ అయ్యాక మళ్ళీ వెనక్కి తీసుకుంటారు. ఇజ్రాయెల్ ప్రభుత్వ సరుకునైతే అబూ గోష్ అనే ఊరి అరబ్ హోటల్ మేనేజరు ఒకాయన ఏళ్ళ తరబడి కొంటూ వచ్చారు. గ్లూటెన్ మీద ఇంత పకడ్బందీ యుద్ధం ఏ డైటీషియనూ చేసి ఎరగడు. ఈ లెక్కన మోషే ప్రవక్తను తొలి వెల్‌నెస్ కోచ్‌గా గుర్తించి, ఏ యోగా దినోత్సవంతోనో కలిపి ఆయనకూ ఒక రోజు కేటాయించాలి.

చిక్కల్లా ఒక్కటే. పండగ మొదటి రాత్రి సేదర్ విందులో మట్సా అనే పులవని రొట్టె తినడం తప్పనిసరి. మట్సా దేంతో చేయాలి? ఆ ఐదింట్లో ఒకదాంతోనే. పులిసే గుణం ఉన్న ధాన్యాన్ని పులవనివ్వకుండా కాలిస్తేనే అది మట్సా. పిండిలో నీళ్ళు పడ్డ దగ్గర్నుంచి 18 నిమిషాల్లో పొయ్యిలోంచి బయటికి వచ్చేయాలి. అసలు పులిసే యోగ్యతే లేని బియ్యప్పిండితో ఎంత పల్చగా, ఎంత ఎండుగా, ఎంత చప్పగా చేసుకొచ్చినా చెల్లదు. (చప్పదనంలో మాత్రం అసలు మట్సాను ఓడించడం కష్టం.) అంటే ఈ ఎనిమిది రోజులూ గోధుమకు దూరంగా ఉండమన్న శాస్త్రమే, మొదటి రాత్రి గోధుమ రొట్టె నోట్లో పెడుతుంది.

సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళు గ్లూటెన్ తింటే వాళ్ళ సొంత రోగనిరోధక శక్తే చిన్నపేగు మీద దాడి చేస్తుంది. ఆరోగ్యానికి ముప్పు ఉంటే ఆ ఆజ్ఞను పక్కన పెట్టొచ్చని రబ్బీలు (యూదు మతగురువులు) ఉదారంగానే ఉన్నారు. కానీ మినహాయింపు దొరికిందని ఊరుకునే జాతి కాదది. ఐదింట్లో ఓట్స్ ఉన్నాయి కదా, వాటిలో గోధుమ గ్లూటెన్ ఉండదు కదా అని పట్టుకున్నారు. గోధుమ గాలి సోకకుండా విడిగా పండించి, విడిగా మర పట్టించి ఓట్స్ మట్సా చేస్తున్నారు. దాని ధర చూస్తే ఐగుప్తులో బానిసత్వమే చవకేమో అనిపిస్తుంది.

సరే, డబ్బు పోతే పోయింది, సమస్య తీరింది అనుకునేలోగా పండితులు దిగారు. యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం తల్ముడులో చెప్పిన ఆ ఐదో ధాన్యం ఓట్సేనని చెప్పింది 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న వ్యాఖ్యాత రషీ. ప్రాచీన ఇజ్రాయెల్లో ఓట్స్ పండించనే లేదు, అది రెండు వరసల బార్లీ అయి ఉంటుందన్నాడు 20వ శతాబ్దపు వృక్షశాస్త్రజ్ఞుడు యెహూదా ఫెలిక్స్. పేగు పాడైన మనిషి పళ్ళెం ముందు కూర్చుని, తన రొట్టె భవిష్యత్తు ఏమిటో తొమ్మిది వందల ఏళ్ళ ఎడంతో ఇద్దరు పెద్దమనుషులు తేల్చేదాకా ఆగాలన్నమాట. రబ్బీలు చాలామంది రషీ వైపే ఉన్నారు కాబట్టి ప్రస్తుతానికి తినొచ్చు.

ఓట్స్ కూడా పడని వాళ్ళకోసం బంగాళదుంప పిండి, కర్రపెండలం పిండితో చేసిన పలకలు అమ్ముతారు. పేరు 'మట్సా తరహా చతురస్రాలు'. సేదర్ ఆజ్ఞ నెరవేర్చడానికి ఇది పనికిరాదని డబ్బా మీద వాళ్ళే అచ్చు వేస్తారు. సరుకు ఎందుకు పనికిరాదో ముందే చెప్పి అమ్మే వ్యాపారస్తుణ్ణి ఈ రోజుల్లో ఎక్కడ చూస్తాం?

ఇక అన్నం సంగతి. గ్లూటెన్ లేదు, దొరకనిది కాదు, అన్నం వండి పడేస్తే పోలేదా అని తెలుగువాడికి తోస్తుంది. తూర్పు ఐరోపా నుంచి వచ్చిన అష్కెనాజీ యూదులకు పస్కా రోజుల్లో బియ్యం, మొక్కజొన్న, కందులూ శనగల వంటి పప్పుధాన్యాలు, ఆఖరికి ఆవాలూ నువ్వులూ కూడా నిషేధం. ఇది మోషే పెట్టింది కాదు, మధ్యయుగాల్లో పుట్టిన ఆచారం. పిండి పిండిలాగే కనబడుతుంది, ధాన్యంలో ధాన్యం కలిసిపోవచ్చు అని భయపడ్డారు. ఇరాక్ యూదులూ, స్పెయిన్ మూలాలున్న సెఫర్దీ యూదులు చాలామందీ మాత్రం బియ్యాన్ని తెల్లగుడ్డ మీద పోసుకుని, గోధుమ గింజ కలవలేదని మూడుసార్లు ఏరి, హాయిగా తింటారు. సంప్రదాయం ప్రకారం ఆడపిల్ల పెళ్ళయ్యాక అత్తింటి ఆచారం పాటించాలి. కనక అన్నం మీద మమకారం ఉన్న అష్కెనాజీ పిల్ల బాగ్దాదు సంబంధం చూసుకోవడం ఉత్తమం. 2015లో అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ రబ్బీల సంఘం ఇక అన్నం తినొచ్చని తీర్మానం చేసి ఇలాంటి సంబంధాలు చెడగొట్టింది. ఆర్థడాక్స్ వాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళు దక్షిణ అమెరికా కొండల్లో పండే కీన్వాకు తలుపు తీశారు. మధ్యయుగపు రబ్బీలు దాని పేరే వినలేదు, వినని దాన్ని నిషేధించలేరు కదా! ఇంకో మాట, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదులున్నారు, 1991లో సినగాగు (ప్రార్థనా మందిరం) కూడా పెట్టుకున్నారు. గుంటూరొచ్చి, ఎనిమిది రోజులు అన్నం మానండి అనగల అష్కెనాజీ రబ్బీ ఉంటే ఆయన ధైర్యానికి ఎర్ర సముద్రం మళ్ళీ చీలుతుంది.

ఇన్ని గండాలు దాటి వంటింట్లోకి అడుగుపెడితే పొయ్యి మీద మట్సా ఉండల సూపు ఉంటుంది. అసలు పద్ధతిలో మట్సా పొడి, గుడ్లు, కరిగించిన కోడి కొవ్వు కలిపి ఉండలు చేసి కోడి చారులో ఉడికిస్తారు. ఆరోగ్యవంతమైన పద్ధతిలో మట్సా పొడి తీసేసి బాదం పిండి, కోడి కొవ్వు తీసేసి ఆలివ్ నూనె వేస్తారు. ఫ్రిజ్జులో పెట్టి గట్టిపడ్డాక చేతులు తడుపుకుని, నిమ్మకాయంత ఉండలు చుట్టి, మరుగుతున్న చారులోకి మెల్లగా జారవిడుస్తారు. అరగంట తరవాత మూత తీస్తే ఉండలు ఉండవు. చారు మాత్రం చిక్కబడి ఉంటుంది. బ్రూక్లిన్‌లో ఇలాంటి గిన్నె చుట్టూ బబ్బెకీ (నాయనమ్మకీ) మనవరాలికీ మధ్య జరిగే సంభాషణ ఇంచుమించు ఇలా ఉంటుంది.

"నా చేతి కొవ్వు సూపు తాగి ఎవరికేమైందే?"

"తాతయ్యకి, బబ్బె. రెండుసార్లు స్టెంట్లు వేశారు."

"అది మీ అమ్మ పెట్టిన టెన్షన్ వల్ల."

మాంసం వండిన పూట పాలు, వెన్న తగలకూడదు కనక కేకులో వెన్న బదులు మార్జరిన్. సోయా, మొక్కజొన్న నూనెలు అష్కెనాజీలకు కుదరవు కనక ఆ మార్జరిన్‌లో పామాయిలో పత్తిగింజల నూనెనో. పిండి బదులు బంగాళదుంప పిండి, అది నిలబడటానికి డజను గుడ్లు, ఆ గుడ్ల వాసన తెలియకుండా చక్కెర. డబ్బా మీద పచ్చ ఆకు బొమ్మ, 'గ్లూటెన్ రహితం' అన్న మాట. శనివారం ఒంటిపూట ఉపవాసమని అన్నం మానేసి, రాత్రికి నాలుగు పూరీలూ ఉప్మా పెసరట్టూ లాగించే మనకు ఈ ఆరోగ్య సూత్రం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కోకా కోలా వాళ్ళు సైతం మొక్కజొన్న సిరప్ మాని చెరకు చక్కెర వేసి, పసుపు మూత పెట్టి పస్కాకి ప్రత్యేకంగా అమ్ముతారు. దాంట్లోనూ గ్లూటెన్ లేదు.

విచిత్రమేమిటంటే, డైటీషియన్లు కలలుగనే భోజనం ఆ బల్ల మధ్యనే సేదర్ పళ్ళెంలో ఉంటుంది. కొత్తిమీర లాంటి పార్స్లీ ఆకు, ఉప్పునీళ్ళు, ఉడికించిన గుడ్డు, పచ్చి లెట్యూస్, ఘాటెక్కించే హార్స్‌రాడిష్ దుంప, ఆపిల్ ముక్కలూ వాల్‌నట్లూ వైనుతో కలిపిన హరోసెత్, కాల్చిన ఎముక. పిండి లేదు, నూనె లేదు. ఇదే భోజనమని ప్రకటిస్తే ఎంత సుఖం! కానీ అది చూసి కథ చెప్పుకోవడానికి, తలా ఇంత రుచి చూడటానికి. ఐగుప్తు నుంచి బయటపడ్డ కథంతా చదివి, పాడి, రెండు గ్లాసుల వైను పుచ్చుకున్నాక, ఏ పదింటికో అసలు వడ్డన మొదలవుతుంది. పోనీ నూనె లేకుండా నిప్పుల మీద కాల్చిన మాంసం తిందామా అంటే, పస్కా గొర్రెను బలిచ్చి కాల్చి తినడానికి యెరూషలేము ఆలయం ఇప్పుడు లేదు కాబట్టి సేదర్ రాత్రి కాల్చిన మాంసం తినకూడదని అష్కెనాజీల ఆచారం. అందుకని బ్రిస్కెట్ అనే గొడ్డు రొమ్ము మాంసాన్ని గంటల తరబడి దాని కొవ్వులోనే మగ్గబెడతారు.

ఈ మొత్తం వ్యవహారంలో లాభపడ్డవాడు ఒక్కడే కనిపిస్తున్నాడు. మహా నిష్ఠాపరులైన హసీదీ శాఖలో కొన్ని కుటుంబాలు పస్కాలో మట్సాకు తడి కూడా తగలనివ్వవు. మట్సా పొడితో చేసినవేవీ కొనవు. వాళ్ళకోసం కంపెనీలు బిస్కెట్ల నుంచి నూడుల్స్ దాకా అన్నీ బంగాళదుంప పిండితో చేస్తాయి. దేవుడికి భయపడి చేసిన ఆ సరుకులో గోధుమ ఉండదు. పండగ ఆఖరి రాత్రి చుక్క పొడవగానే జనమంతా పిజ్జా కొట్ల ముందు క్యూ కడతారు. మర్నాడు సూపర్‌మార్కెట్టులో పస్కా సరుకు సగం ధరకు దిగుతుంది. అప్పుడు సీలియాక్ మనిషి తీరిగ్గా బండి తోసుకుంటూ వస్తాడు. అతను క్రైస్తవుడు కావచ్చు, హిందువు కావచ్చు, దేవుణ్ణి నమ్మనివాడూ కావచ్చు. ఏడాదికి సరిపడా కేకు పొడి, కొబ్బరి మాకరూన్లు బండిలోకి ఎత్తుకుని, ఒక్క ప్రార్థనా చదవకుండా బిల్లు కట్టి వెళ్ళిపోతాడు.